ఇంటి ముందు నల్లా, తాగేది క్యాన్ నీళ్లు

వరంగల్, హన్మకొండ, జనగామ, మహబూబాబాద్ జిల్లాల్లోని చాలా ఊళ్లలో పొద్దున పూట ఒకే వాడలో రెండు రకాల నీళ్లు కనిపిస్తాయి. ఇంటి ముందు మిషన్ భగీరథ అనే ప్రభుత్వ మంచినీటి పథకం నల్లా కింద బిందెలు, బకెట్లు నిండుతుంటాయి. అదే వాడలోంచి ఇరవై లీటర్ల క్యాన్లు వేసుకుని ట్రాలీ ఆటో పోతుంటుంది. నల్లా నీళ్లు అంట్లకు, బట్టలకు, స్నానాలకు, బర్లకు. క్యాన్ నీళ్లు తాగడానికి. ఎక్కడో గోదావరి మీదో, మానేరు మీదో పట్టి, శుద్ధి చేసి, పదుల కిలోమీటర్లు పైపుల్లో నడిపించి తెచ్చిన నీళ్లు బర్ల కుడితిలోకి పోతున్నాయి. ఊరి బోరులోంచి తోడి మిషన్లో వడకట్టిన నీళ్లను డబ్బులిచ్చి కొని తాగుతున్నారు.

దీన్ని జనం అమాయకత్వం అని కొట్టిపారేయడం తప్పు. నల్లా నీళ్లు ఎందుకు తాగరని అడిగితే ప్రతి ఇంట్లోనూ కారణం చెప్తారు. మందు వాసన వస్తోందంటారు. నిన్న ఎర్రగా వచ్చాయంటారు. ఒక రోజు వస్తే రెండు రోజులు రావంటారు. పిల్లగాడికి తాగిస్తే జలుబు చేసిందంటారు. వీటిలో కొన్ని అపోహలు, కొన్ని నిజాలు. ఆ నిజాలన్నీ ఊరి ట్యాంకు నుంచి ఇంటి గ్లాసు దాకా ఉన్న కొద్దిపాటి దూరంలోనే పుడుతున్నాయి. వేల కోట్లు పెట్టి కట్టిన వ్యవస్థలో ఆ ఆఖరి ముక్కను నడిపే మనిషికి మనం ఏం నేర్పించాం, ఏం చేతికిచ్చాం, ఎంత జీతమిస్తున్నాం అన్నదే అసలు ప్రశ్న. మరుగుదొడ్ల సంగతీ అంతే. కట్టడం చాలావరకు అయిపోయింది. కట్టినదాన్ని రోజూ నడిపించే పనికి మాత్రం ఇప్పటికీ పద్ధతి కుదరలేదు.

పైపు తెచ్చిన మార్పు

ముందుగా జరిగిన మేలును మేలుగా ఒప్పుకోవాలి. వరంగల్, కరీంనగర్ ప్రాంతాల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు రాయి. ఆ రాతి పగుళ్లలో నిలిచిన నీళ్లే బోర్లలోకి వస్తాయి. లోతైన పగుళ్లలో నీళ్లు ఏళ్ల తరబడి రాయిని అంటిపెట్టుకుని ఉంటాయి కాబట్టి వాటిలో ఫ్లోరైడ్, ఉప్పులు ఎక్కువగా కలిసే అవకాశం ఉంది. ఫ్లోరోసిస్ అనగానే నల్లగొండ పేరే చెప్పుకుంటాం. మిగతా జిల్లాల్లో అక్కడక్కడా ఉన్న ఫ్లోరైడ్ ఊళ్ల గోడు బయటికి పెద్దగా వినిపించలేదు. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండొచ్చని, వేరే నీటి వనరు లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం చెప్తుంది. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, కీళ్లు, ఎముకలు పట్టేస్తాయి. నీళ్లు కాచుకుంటే సూక్ష్మజీవులు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీరు కొంత ఆవిరై పోతుంది కాబట్టి మిగిలిన నీళ్లలో దాని పాలు ఇంకాస్త పెరుగుతుంది కూడా. ఇలాంటి ఊళ్లకు నది నీళ్లు రావడమే అసలైన మందు.

సిద్దిపేట ప్రాంతానికి దిగువ మానేరు డ్యాం నుంచి పైపులతో నీళ్లు తెచ్చిన అనుభవమే తర్వాత రాష్ట్రమంతటి మంచినీటి గ్రిడ్‌కు నమూనా అయింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధానమంత్రి చేతుల మీదుగా మిషన్ భగీరథ మొదలైంది. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలన్నది ఆ పథకం లెక్క. కేంద్రం 2019లో తెచ్చిన జల్ జీవన్ మిషన్ లెక్క 55 లీటర్లే. శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి, దిగువ మానేరు, కడెం లాంటి జలాశయాలు ఉత్తర తెలంగాణ ఊళ్లకు ఆధారమయ్యాయి. పల్లెల్లో ఇంటింటికీ నల్లా ఇచ్చామని ప్రకటించిన రాష్ట్రాల్లో గోవా తర్వాత పేరు తెలంగాణదే. ఎండాకాలం బోరింగుల దగ్గర బిందెల వరుసలు, ట్యాంకరు రాగానే పడే కొట్లాటలు చాలా ఊళ్లలో తగ్గాయి. నీళ్లు మోసేది ఎప్పుడూ ఆడవాళ్లే, బడి మానేసేది ఆడపిల్లలే. వాళ్ల నెత్తి మీది బరువు దిగడం చిన్న విషయం కాదు.

ట్యాంకు ఎక్కే మనిషి

నదిలోంచి తోడిన నీళ్లను శుద్ధి చేసే కేంద్రంలో ఇంజినీర్లు, ల్యాబు, మీటర్లు ఉంటాయి. మట్టిని పట్టి కిందికి దించడానికి పటిక వేస్తారు, ఇసుక పొరల్లో వడపోస్తారు, క్లోరిన్ కలుపుతారు. అక్కడి నుంచి బయల్దేరిన నీళ్లు ఊరి ట్యాంకులో పడే క్షణం దాకా ఒక పెద్ద యంత్రాంగం చూసుకుంటుంది. ట్యాంకులో పడ్డాక చూసుకునేది పంచాయతీలో పనిచేసే ఒక మల్టీపర్పస్ వర్కర్. పొద్దున ట్రాక్టర్ మీద చెత్త ఎత్తేది, మోరీలు తీసేది, నర్సరీలో మొక్కలకు నీళ్లు పోసేది, వీధిలైట్లు చూసేది చాలా ఊళ్లలో ఆ ఒకరిద్దరే. చాలీచాలని జీతం. అదీ నెలల తరబడి ఆలస్యంగా వస్తుంది.

ఆ మనిషి చేయాల్సిన పని చిన్నదే, కానీ లెక్కతో కూడుకున్నది. 60,000 లీటర్ల ట్యాంకు ఉందనుకుందాం. లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్లోరిన్ పడాలంటే మొత్తం 120 గ్రాముల క్లోరిన్ కావాలి. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో మూడో వంతు, అంటే సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది. కాబట్టి 360 గ్రాముల పౌడర్ సరిపోతుంది. కానీ పౌడర్ సంచి మూతి విప్పి, పంచాయతీ ఆఫీసు మూలన తేమలో రెండు నెలలు పడి ఉంటే అందులోని క్లోరిన్ గాలిలో కలిసిపోతుంది. సగానికి పడిపోయిందనుకుంటే అదే 360 గ్రాములు వేసినా నీళ్లకు అందేది సగం మందే. ఎంత సరఫరా అయిందో రిజిస్టర్‌లో ఉంటుంది. ఎంత బలం మిగిలిందో ఎవరూ చూడరు. పౌడర్‌ను నేరుగా ట్యాంకులో గుమ్మరించినా పని జరగదు. బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగున దిగాక, పైన తేరిన నీళ్లను ట్యాంకులో పోయాలి. అరగంట ఆగి అప్పుడు వాల్వు తిప్పాలి. తొందర్లో పౌడర్ వేసి వెంటనే నీళ్లు వదిలితే మొదటి వాడకు ఘాటైన మందు వాసన వస్తుంది, ఊరి చివరి వాడకు మందే చేరదు. మొదటి వాడవాళ్లు వాసన చూసి తాగడం మానేస్తారు. చివరి వాడవాళ్లకు విరేచనాలు పట్టుకుంటాయి. రెండు ఫిర్యాదులూ ఒక్క తప్పు నుంచే వస్తాయి.

ఇంటి నల్లా దగ్గర పట్టిన నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దాన్ని తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి ఓటీ (ఆర్థోటాలిడిన్) ద్రావణం నాలుగు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది, లేకపోతే నీళ్ల రంగు మారదు. రంగు ముదురును బట్టి ఎంత ఉందో చెప్పొచ్చు. రెండు నిమిషాల పని. ఇది ట్యాంకు దగ్గర కాకుండా ఊరి ఆఖరి ఇంటి దగ్గర చేయాలి. ఎందుకంటే మందు తగ్గిపోయేది అక్కడే. ఆఖరి ఇల్లు ఎవరిదో కూడా చెప్పనక్కర్లేదు. చాలా ఊళ్లలో పైపు ఆఖరున ఉండేది దళితవాడే, బీసీ కాలనీయే, కొత్తగా కట్టిన ఇందిరమ్మ ఇళ్లే.

నెలలో మూడుసార్లు, 1, 11, 21 తేదీల్లో ట్యాంకు కడగాలని, కడిగిన తేదీని ట్యాంకు మీద రాయాలని ఆదేశాలున్నాయి. పద్ధతి మంచిది. తేదీ రాయడం మాత్రం ట్యాంకు లోపలికి దిగడం కంటే సులువు. ఊరి యువకులు, వార్డు సభ్యులు ఆ రోజు ట్యాంకు దగ్గర నిలబడి చూసే ఊళ్లలో ఆ తేదీకి అర్థం ఉంటుంది.

ఇక పైపుల సంగతి. పల్లెల్లో ఇప్పటికీ చాలా ఇళ్ల ముందు నల్లా నేల మీద ఉండదు, గుంతలో ఉంటుంది. పాత రోజుల్లో ప్రెషర్ తక్కువగా వచ్చేది కాబట్టి నేలకంటే రెండడుగుల కిందికి తవ్వి, పైపును కోసి, అక్కడ బిందె పెట్టుకునేవాళ్లు. ఆ గుంతలోనే కారిన నీళ్లు నిలుస్తాయి, బర్లు తాగిన తొట్టి నీళ్లు చేరతాయి, వాన పడితే మోరి నీళ్లు పొర్లి వస్తాయి. సరఫరా నడిచేటప్పుడు పైపు లోపలి ఒత్తిడి వల్ల ఏమీ కాదు. వాల్వు కట్టేయగానే పైపు ఖాళీ అవుతూ లోపలికి పీల్చుకుంటుంది. నోరు తెరుచుకుని గుంతలో మునిగి ఉన్న నల్లా ఆ మురికినంతా మింగుతుంది. మరుసటి రోజు పొద్దున మొదటి బిందెలో వచ్చేది అదే. కొందరు నల్లాకు మోటారు బిగిస్తారు. అది పైపును ఇంకా బలంగా పీలుస్తుంది. మోరి పక్కన, ఒక్కోసారి మోరి మధ్య నుంచి పోయే పైపుకు చిన్న పగులున్నా మురికి లోపలికి వస్తుంది. శుద్ధి కేంద్రంలో ఎంత జాగ్రత్తపడినా ఈ గుంత ముందు ఆ శ్రమంతా వృథా. గుంతలు పూడ్చి, నల్లాను నేల మీద ఒక గద్దె కట్టి పైకి లేపి, ట్యాప్ బిగించడం వేలు, లక్షలు అయ్యే పని కాదు. మోటార్లు తీసేయించడమే కష్టం. అది సర్పంచ్‌కు ఓట్లతో ముడిపడిన విషయం.

ఇంకో చిక్కు కూడా ఉంది. మెయిన్ పైపు పగిలి రెండు రోజులు భగీరథ నీళ్లు ఆగితే పంచాయతీ పాత బోరు మోటారు వేసి అదే ట్యాంకు నింపుతుంది. వేరే దారి లేదు కాబట్టి తప్పు పట్టలేం. కానీ ఆ సంగతి ఊరికి చెప్పరు. ఒకే నల్లాలో నిన్న తియ్యటి నీళ్లు, ఇవాళ ఉప్పు నీళ్లు వస్తే నల్లా మీదే నమ్మకం పోతుంది. మైకులో ఒక్క మాట చాటింపు వేయిస్తే చాలు: ఈ రెండు రోజులు బోరు నీళ్లు, తాగడానికి వాడకండి, ఫలానా రోజు నుంచి మళ్లీ భగీరథ నీళ్లు.

క్యాన్ నీళ్ల లెక్క

ఫిల్టర్ ప్లాంట్లు ఊళ్లలోకి వ్యాపారంగా రాలేదు, అవసరంగా వచ్చాయి. నది నీళ్లు లేని కాలంలో, ఫ్లోరైడ్ బోర్లే దిక్కైన ఊళ్లలో, కాజీపేట కేంద్రంగా పనిచేసే బాలవికాస లాంటి సంస్థలు ఊరివాళ్ల చేత వాటా కట్టించి, కమిటీ వేయించి ప్లాంట్లు పెట్టించాయి. ఊరే యజమాని, ఊరే లెక్క చూస్తుంది, వచ్చిన డబ్బు మరమ్మతులకే పోతుంది. ఆ పద్ధతిలో చాలా ఊళ్లకు నిజమైన మేలు జరిగింది. దాన్ని చూసి తర్వాత ప్రైవేటు ప్లాంట్లు వాడవాడనా వెలిశాయి. వాటికి కమిటీ లేదు, పరీక్ష లేదు, నీళ్లను వడకట్టే పొర మార్చిన తేదీ ఎవరికీ తెలియదు.

ప్లాంటు దగ్గర జనాన్ని ఒప్పించేది చేతిలో పట్టే చిన్న టీడీఎస్ మీటర్. నల్లా నీళ్లలో ముంచితే రెండు, మూడు వందలు చూపిస్తుంది. ప్లాంటు నీళ్లలో ముంచితే నలభై, యాభై. తక్కువ అంకె వస్తే మంచి నీళ్లనుకుంటారు. ఆ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలను మాత్రమే కొలుస్తుంది. కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములను అది చూడలేదు. 500 దాకా టీడీఎస్ ఉన్న నీళ్లు తాగడానికి బాగున్నట్టే లెక్క. నది నుంచి వచ్చే నీళ్లలో సాధారణంగా అంత కూడా ఉండదు. వాటిని మళ్లీ ఆర్ఓలో, అంటే ప్లాంటులోని ఆ వడకట్టే మిషన్లో పోస్తే ఒంటికి కావాల్సిన కాల్షియం, మెగ్నీషియం పోతాయి, కాపాడుతున్న క్లోరిన్ కూడా పోతుంది. క్లోరిన్ లేని నీళ్లను సరిగా కడగని క్యాన్‌లో పోసి రెండు రోజులు ఉంచితే అందులో క్రిములు పెరగడానికి అడ్డేమీ ఉండదు. చాలా ఊరి ప్లాంట్లలో తోడిన నీళ్లలో సగం, అంతకంటే ఎక్కువే వృథాగా మోరిలోకి పోతాయి. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్ఓ వద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో చెప్పింది కూడా ఇందుకే.

డబ్బు లెక్కా చూడాలి. రోజుకో క్యాన్, క్యాన్‌కు పది రూపాయలు అనుకుంటే ఏడాదికి 3,650 రూపాయలు. కూలికి పోయే కుటుంబానికి అది చాలా రోజుల సంపాదన. ఇంటి పన్నుతో పాటు నల్లా కోసం అందులో పదో వంతు కట్టమంటే ఊరంతా ఎదురు తిరుగుతుంది. ఎదురు తిరగడంలో న్యాయం లేకపోలేదు. నమ్మకం లేనిదానికి ఎవరూ డబ్బు కట్టరు. కానీ ఆ పదో వంతు ప్రతి ఇల్లూ కడితే ఊరికి ఒక శిక్షణ పొందిన వాటర్‌మన్‌ను పూర్తి జీతంతో పెట్టుకోవచ్చు. ఐదు వందల ఇళ్ల ఊరైతే ఏడాదికి లక్షా ఎనభై వేలు దాటుతుంది.

మరుగుదొడ్డి కింద ఏముంది

2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ కింద ఒక్కో మరుగుదొడ్డికి 12,000 రూపాయల సాయం అందింది. చీకటి పడేదాకా ఆగి, చెంబు పట్టుకుని, ముగ్గురు నలుగురు తోడు కూడగట్టుకుని, రోడ్డు పక్కన బండి లైటు పడితే లేచి నిలబడే బతుకు ఆడవాళ్లది. పగలు పోవాల్సి వస్తుందేమోనని నీళ్లు తాగడమే తగ్గించుకునేవాళ్లు. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు వాళ్లకు మామూలైపోయాయి. ఇంట్లో లెట్రిన్ రావడం వాళ్ల ఆరోగ్యానికి, మర్యాదకు ఎంత మేలు చేసిందో ఏ గణాంకమూ పూర్తిగా చెప్పలేదు.

అయితే గది కట్టడం ఒక ఎత్తు, గుంత తవ్వడం ఒక ఎత్తు. ప్రభుత్వం సిఫారసు చేసిన పద్ధతి రెండు గుంతలది. సుమారు మీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న రెండు గుంతలు, వాటికి చిల్లుల గోడ, ముందు ఒక చిన్న చాంబరు. ఒక గుంత వాడుతుంటే రెండోది మూసి ఉంటుంది. ఐదుగురున్న ఇంటికి ఒక గుంత నిండడానికి సుమారు ఐదేళ్లు పడుతుంది. నిండాక చాంబరులో దారి మార్చి రెండోది వాడతారు. నీళ్లు మట్టిలోకి ఇంకిపోయి, మూసిన గుంతలోని మలం ఏడాది, ఏడాదిన్నరలో పొడి ఎరువుగా మారుతుంది. వాసన ఉండదు, క్రిములు చచ్చిపోతాయి.

ఈ మాట జనం నమ్మాలంటే ఎవరో చేసి చూపించాలి. 2017 ఫిబ్రవరిలో అదే జరిగింది. వరంగల్ దగ్గర గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీటి, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి, ఎండిన ఎరువును చేతులతో ఎత్తి బయటపోశారు. ఇతర రాష్ట్రాల అధికారులు కూడా ఆయనతో పాటు దిగారు. ఆ ఊరిని ఎంచుకోవడానికి కారణం ఉంది. కమిటీలు వేసుకుని ఊరి పనులు ఊరే చూసుకోవడం, పన్ను పూర్తిగా కట్టడం, మద్యం మానడం గంగదేవిపల్లికి ఎప్పటి నుంచో అలవాటు. ఒక ఐఏఎస్ అధికారి గుంతలోకి దిగడంలో ఎరువు కంటే పెద్ద విషయం ఉంది. మలం ఎత్తే పనిని ఏ కులాలకు అంటగట్టామో ఊరందరికీ తెలుసు. ‘మా ఇంటి గుంత ఎవరు తీయాలి?’ అన్న ఆలోచన దగ్గరే చాలా ఇళ్లు రెండు గుంతల పద్ధతిని వద్దనుకున్నాయి.

వద్దనుకుని ఏం కట్టుకున్నారు? ఎప్పటికీ నిండకూడదని సిమెంటు రింగులు దింపిన లోతైన పెద్ద గుంత, లేదా ఇంకుడు గుంత లేని సెప్టిక్ ట్యాంకు. లోతైన గుంత అడుగు భూగర్భ జలాన్ని తాకితే మురికి నేరుగా బోరులోకి, బావిలోకి చేరుతుంది. గుంత అడుక్కు, నీటి మట్టానికి మధ్య కనీసం రెండు మీటర్ల మట్టి ఉండాలి. తాగే బోరుకు, బావికి పది, పదిహేను మీటర్ల దూరం ఉండాలి. చెరువు ఆయకట్టు కింద నీళ్లు పైపైనే ఉండే ఊళ్లలో ఇది చాలా ముఖ్యం. మలం, యూరియా రెండింటి నుంచీ నేలలోకి దిగే నైట్రేట్ తెలంగాణ భూగర్భ జలాల్లో పెద్ద సమస్య. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నైట్రేట్ పసిపిల్లల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. దాన్ని కూడా కాచి పోగొట్టలేం. ఇంటి దొడ్లో గుంత, దాని పక్కనే బోరు ఉన్న ఇల్లు తన మురికిని తానే తోడుకుంటోంది.

సెప్టిక్ ట్యాంకు గొట్టాన్ని మోరిలో కలిపితే ఊరంతటికీ అంటుకుంటుంది. ఆ మోరి పోయి కలిసేది ఊరి చెరువులో. సద్దుల నాడు ఆడపడుచులు బతుకమ్మను వదిలేది ఆ చెరువులోనే. ట్యాంకు నిండినప్పుడు పిలిచే బండి తీసినదాన్ని ఎక్కడ పోస్తుందో కూడా ఎవరూ అడగరు. రాత్రి పూట ఏ వాగు ఒడ్డునో, ఏ బీడులోనో పోస్తే ఎవరికి తెలుస్తుంది? ఈ విషయంలో వరంగల్ నగరం 2016లోనే ముందడుగు వేసింది. ఆ బండ్లకు లైసెన్సులు పెట్టి, తెచ్చిన మలాన్ని శుద్ధి చేయడానికి అమ్మవారిపేటలో ప్లాంటు కట్టింది. చుట్టుపక్కల మండలాల ఊళ్ల బండ్లన్నీ తప్పనిసరిగా అక్కడికే పోయేలా చేస్తే జిల్లా అంతటికీ ఉపయోగం. ఊపిరాడని ట్యాంకులోకి మనిషిని దింపడం, మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరమన్న సంగతి ప్రతి పంచాయతీ గోడ మీద రాయాలి.

వచ్చిన నీళ్లు ఎటు పోవాలి

మనిషికి 100 లీటర్లు ఇస్తే అందులో సుమారు 80 లీటర్లు వాడిన నీళ్లుగా బయటికి వస్తాయి. రెండు వేల మంది ఉన్న ఊరికి రోజూ రెండు లక్షల లీటర్లు వస్తే లక్షా అరవై వేల లీటర్లు గల్లీలోకి పోతాయి. బిందెతో మోసుకొచ్చిన రోజుల్లో ఇంత నీరు వాడేవాళ్లు కాదు కాబట్టి ఇంత మురుగూ లేదు. నీళ్లు తెచ్చే పథకానికి పెట్టిన శ్రద్ధలో కొంతైనా నీళ్లు పోయే దారికి పెట్టి ఉంటే ఇవాళ ఇన్ని ఊళ్లలో దోమల బెడద ఉండేది కాదు.

దీనికి జవాబు ఇంకుడు గుంత. సిద్దిపేట ప్రాంతంలోని ఇబ్రహీంపూర్ ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వుకుని దోమలను తగ్గించుకున్న ఊరుగా పేరు తెచ్చుకుంది. ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ మండలంలోని ముఖ్రా (కే) కూడా ఆ దారిలోనే నడిచింది, పైగా చెత్తతో వర్మీకంపోస్టు చేసి అమ్ముకుంది. ఉపాధి హామీ కింద గుంతకు డబ్బు వచ్చింది. కానీ అన్ని నేలలకూ ఒకే కొలత పనికిరాదు. వరంగల్ వైపు ఎర్ర చెలకల్లో నీళ్లు ఇట్టే ఇంకుతాయి. ఆదిలాబాద్ నల్లరేగడిలో అదే కొలత గుంత వానాకాలం నిండి పొంగుతుంది. అక్కడ గుంతను వెడల్పు చేసి చుట్టూ ఇసుక పోయాలి, లేదా పెరటి మొక్కలకు మళ్లించాలి. రాయి తగిలే చోట ఇంటింటి గుంతకు బదులు వాడకొకటి చొప్పున ఉమ్మడి గుంత తవ్వడం మేలు. పైన జల్లెడ పెట్టకపోతే సబ్బు నురగ, అన్నం మెతుకులు గుంతను రెండేళ్లలో పూడ్చేస్తాయి. ఏటా ఒకసారి రాళ్లు తీసి కడిగి పెట్టాలని తవ్వినప్పుడు ఎవరూ చెప్పరు.

గూడెం దాకా

ఈ మాటలన్నీ పెద్ద ఊళ్లకు సరిపోతాయి. ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ అడవుల్లో ఇరవై, ముప్పై ఇళ్లున్న గూడేలకు లెక్క వేరు. గుట్ట మీది గూడేనికి పైపు ఎక్కాలంటే కరెంటు కావాలి, అటవీ అనుమతి కావాలి. కరెంటు పోతే నాలుగు రోజులు నల్లా ఎండుతుంది. అప్పుడు వాగు ఇసుకలో చెలిమ తవ్వి, ఊరిన నీళ్లను చిప్పతో తోడుకుంటారు. వానాకాలం జ్వరాలు, వాంతులు, విరేచనాలు మొదట అక్కడే మొదలవుతాయి. రోడ్డు తెగితే ఆసుపత్రికి చేరే దారి ఉండదు. అలాంటి గూడేలకు గోదావరి నుంచి వంద కిలోమీటర్ల పైపు కంటే అక్కడే ఉన్న మంచి బావికి గోడ కట్టి, సోలార్ మోటారు పెట్టి, చిన్న ట్యాంకు ఎక్కించి, క్లోరిన్ వేయడం నేర్పితే మేలు. రెండూ ఉంటే ఇంకా మంచిది. 2018లో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. అధికారం దగ్గరికి వచ్చింది కానీ వాటి జనాభా తక్కువ కాబట్టి వచ్చే డబ్బు కూడా తక్కువే. నీళ్ల విషయంలోనైనా జనాభా లెక్కను పక్కనపెట్టి గూడెం దూరాన్ని, ఎత్తును చూసి నిధులివ్వాలి.

వరదల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2023 జులైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగిపోయింది. జనాన్ని హెలికాప్టర్లతో కాపాడాల్సి వచ్చింది. వరద తగ్గాక బావుల్లో, బోరింగుల్లో, ట్యాంకుల్లో మిగిలేది మురికి నీరే. ముందు తోడి పారబోసి, క్లోరిన్ బాగా ఎక్కించి, ఒక రోజు ఆపి, మళ్లీ తోడాకే వాడాలి. ఈ పని వరద వచ్చాక నేర్చుకునేది కాదు. గోదావరి, దాని వాగుల ఒడ్డునున్న ప్రతి పంచాయతీలో జూన్ కంటే ముందే పౌడర్, క్లోరిన్ బిళ్లలు, పనిచేసే మనిషి సిద్ధంగా ఉండాలి.

డబ్బు, బాధ్యత

పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం నీళ్లకు, పారిశుధ్యానికే ఖర్చు చేయాలని నిబంధన పెట్టింది. తెలంగాణలో పంచాయతీ పాలకవర్గాల గడువు 2024 జనవరి ఆఖరుకు ముగిసింది. ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. మధ్యలో దాదాపు రెండేళ్లు ప్రత్యేక అధికారుల పాలన. పాలకవర్గం లేకపోతే కేంద్ర నిధులు రావు. ఆ రెండేళ్లలో బ్లీచింగ్ పౌడర్‌కు, మోటారు మరమ్మతుకు, ట్రాక్టర్ డీజిల్‌కు పంచాయతీ కార్యదర్శులు సొంత జేబులోంచి పెట్టుకున్న ఊళ్లు ఎన్నో. తాగునీటికి ఏ ఎన్నికతోనూ ముడిపెట్టని ఒక ప్రత్యేక ఖాతా ప్రతి ఊరికీ ఉండటం కనీస అవసరం.

కొత్త సర్పంచ్‌లు గద్దెనెక్కి ఎంతో కాలం కాలేదు. సీసీ రోడ్డు, కమాన్ కనిపిస్తాయి కాబట్టి ముందు వాటికే డబ్బు పోతుంది. క్లోరిన్ కనిపించదు. దాన్ని కనిపించేలా చేసే దారి పథకంలోనే ఉంది. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పించి, కిట్ ఇవ్వాలి. మహిళా సంఘాలు బలంగా ఉన్న ఉత్తర తెలంగాణలో ఇందుకు మనుషుల కొరత లేదు. వాళ్లు వారానికోసారి ఊరి ఆఖరి నల్లా దగ్గర ఓటీ చుక్కలు వేసి, వచ్చిన రంగును, అంకెను, తేదీని పంచాయతీ బోర్డు మీద సుద్దముక్కతో రాయాలి. అంగన్‌వాడీ నల్లా, బడి నల్లా కూడా అందులో ఉండాలి. మధ్యాహ్న భోజనం వండే నీళ్లు, పిల్లలు చేతులు కడిగే నీళ్లు అవే. క్లోరిన్ 0.2 కంటే తగ్గితే అదే రోజు వాటర్‌మన్‌కు, రెండు వారాలు వరసగా తగ్గితే మండల ఇంజినీరుకు తెలియాలి. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా, ల్యాబు నుంచి వచ్చే ఫ్లోరైడ్, నైట్రేట్, ఈ-కోలి (నీళ్లలో మలం కలిసిందని చెప్పే క్రిమి) ఫలితాలను గ్రామసభలో చదివి వినిపించాలి. సుద్దముక్క, నాలుగు చుక్కల మందు, పరీక్ష చేసిన మహిళకు గౌరవప్రదమైన వేతనం: ఈ మూడింటికీ కలిపి ఒక ఊరికి అయ్యే ఖర్చు పంచాయతీ బడ్జెట్‌లో ఏ మూలకూ రాదు. వచ్చే గ్రామసభలోనే దీన్ని తీర్మానంగా పెట్టొచ్చు.